దీపానికి నూనె ఎవరిస్తారు?

శ్రీశైలం జలాశయం నీళ్ళు వస్తాయని తెలిశాక కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఏ రాయికారాయి విప్పి, గుర్తులు వేసి, అలంపురం చేర్చి మళ్ళీ కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ అలాగే మిట్టకు తరలించారు. పాతదాన్ని చెడకుండా విప్పి తిరిగి నిలబెట్టడమంటే ఏమిటో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మనుషులకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంకో సంగతి కూడా మనకు తెలుసు. గుడి జీర్ణోద్ధరణకని చందా పుస్తకం పట్టుకుని బయలుదేరితే డబ్బు రాలుతుంది. కుంభాభిషేకం అయిపోయాక ధూపదీప నైవేద్యాలకని అదే గడపలు తొక్కితే, ‘మొన్ననే ఇచ్చాం కదా’ అంటారు. రెండు పనులకూ తిరిగినవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను. పాత విమానాన్ని బాగుచేసి మళ్ళీ ఎగరేయాలని విరాళాలు అడిగేవాళ్ళకు ఎదురయ్యేదీ సరిగ్గా ఇదే కష్టం.

విమానాలకూ పాలమూరుకూ ఏం సంబంధమని అడగొచ్చు. సంబంధం ఉంది, వందేళ్ళకు పైబడి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు మొదటి విమానాలన్నీ నిజాం కానుకగా వెళ్ళాయి. అవి డి.హెచ్.9ఎ రకం బాంబర్లు. ఆ దళానికే హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు పడింది. విమానాల మీద నిజాం కానుక అని రాయించి, వరస అంకెలు వేశారు. వాటిలో ‘హైదరాబాద్ నంబర్ 12ఎ’ అనేది 1918 అక్టోబరు 5న జర్మన్లకు చిక్కింది. బెర్లిన్ ప్రదర్శనశాలలో కొన్నాళ్ళుంది. తర్వాత పోలండ్‌లోని క్రాకో చేరింది. 1977లో బ్రిటిష్‌వాళ్ళు ఒక స్పిట్‌ఫైర్‌ను బదులిచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు, బాగుచేసి లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకూ హైదరాబాద్ పేరే పెట్టారు. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా కనిపిస్తుంది.

ఆ రోజుల్లో నిజాం ఖజానాకు రైతుల శిస్తు వచ్చేది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల నుంచి పేష్కష్ అనే కప్పం వచ్చేది. అందుకే ఆ విమానాల రెక్కల్లో మన రైతుల చెమట కూడా ఉందని నేను నమ్ముతాను. అయితే ఆ రైతును ఎవరూ అడగలేదు, అతనికి ఎవరూ రశీదు ఇవ్వలేదు. నేటి విరాళాల సేకరణ దీనికి పూర్తిగా తలకిందులుగా ఉండాలి. ఇచ్చేవాడికి తానెందుకిస్తున్నాడో తెలియాలి. ఆ డబ్బు ఏమైందో ఏటా చెప్పాలి.

పాత విమానాన్ని అద్దాల వెనక నిలబెట్టడం ఒక పని, గాలిలోకి లేపడం ఇంకో పని. నిలబెట్టేదానికి ఆకారం సరిపోతుంది. ఎగరాల్సినదానికి ప్రతి మేకూ, ప్రతి తీగా, ప్రతి కుట్టూ బరువు మోయాలి. బికనీర్ జూనాగఢ్ కోటలో పాత ఏనుగుల సావిడిలో డి.హెచ్.9 విమానాల అవశేషాలు దొరికాయి. మొదటి యుద్ధం తర్వాత బ్రిటన్ మన దేశానికి ఇచ్చిన విమానాల్లో మిగిలినవవి. చెక్కకు చెదలు పట్టింది. గై బ్లాక్ అనే ఆంగ్లేయ నిపుణుడు వాటిని కొని ఇంగ్లండ్ తీసుకెళ్ళాడు. ఒకటి డక్స్‌ఫర్డ్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో నిలబడింది. రెండోది 2019 మేలో ఎగిరింది. ఒకే సావిడిలోంచి వచ్చిన రెండింటిలో ఒకటి చూడ్డానికి సిద్ధమైన పుష్కరం తర్వాత గానీ రెండోది ఎగరడానికి సిద్ధం కాలేదు.

డబ్బు సంగతికి వస్తే, చదవాల్సిన పాఠం బ్రిటన్‌లోని వల్కన్ ఎక్స్‌హెచ్558 బాంబర్‌ది. అక్కడి లాటరీ నిధి 27 లక్షల పౌండ్లకు పైగా ఇచ్చింది. మిగతాది వేలమంది మామూలు మనుషులు ఇచ్చారు. 2006లో డబ్బు అయిపోయి పని ఆగిపోయే దశలో సర్ జాక్ హేవర్డ్ అనే దాత 5 లక్షల పౌండ్లు ఇచ్చి నిలబెట్టారు. 2007 అక్టోబరు 18న అది మళ్ళీ ఎగిరింది. అసలు పరీక్ష అక్కణ్ణుంచే మొదలైంది. దాన్ని ఎగరేస్తూ ఉండటానికి ఏటా సుమారు 20 లక్షల పౌండ్లు కావాల్సి వచ్చేది. ఏటా జనం దగ్గరికే వెళ్ళారు, జనం ఏటా ఇచ్చారు. చివరికి దాన్ని ఆపింది డబ్బు లేమి కాదు. సాంకేతిక బాధ్యత వహించే కంపెనీలు ఇక తమవల్ల కాదని తప్పుకున్నాయి. ఆ పాత యంత్రం తెలిసిన చేతులు కరువయ్యాయి. 2015 అక్టోబరు 28న అది ఆఖరిసారి ఎగిరింది.

మన దేశంలో మరో దారి చూశాం. అప్పట్లో పార్లమెంటు సభ్యుడిగా ఉన్న రాజీవ్ చంద్రశేఖర్ ఒక పాత డకోటా విమానాన్ని 2011లో కొని, ఇంగ్లండ్‌లో బాగుచేయించి వైమానిక దళానికి కానుకగా ఇచ్చారు. ఆయన తండ్రి ఎం.కె. చంద్రశేఖర్ వైమానిక దళంలో డకోటాలు నడిపినవారు. పరశురామ అని పేరు పెట్టుకున్న ఆ విమానం 2018 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ నుంచి సొంత రెక్కల మీదే ఎగిరి వచ్చింది. దానికి వేసిన వీపీ 905 అనే నంబరు, 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో సైనికులను దించిన డకోటాది. జీర్ణోద్ధరణ ఒక దాత చేశాడు, నిత్య నైవేద్యం వైమానిక దళం చూసుకుంటోంది. అందుకే అది నిలబడింది. మన బేగంపేట నుంచి కూడా ఒకప్పుడు దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలే తిరిగేవి. 1953 జాతీయీకరణలో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. హైదరాబాద్ పేరుతో అలాంటి ఒక డకోటా మళ్ళీ ఎగిరితే చూడాలని నాకు ఎంతో ఆశ.

ఆశ ఉన్నంత మాత్రాన చందా పుస్తకం అచ్చు వేయకూడదు. ముందు రెండు ఖాతాలు విడిగా తెరవాలి. ఒకటి బాగుచేయడానికి, రెండోది ఎగరేస్తూ ఉండటానికి. ఇంజిను మరమ్మతు, బీమా, హ్యాంగర్ అద్దె, విమానయాన శాఖ తనిఖీలు, పైలట్ల తర్ఫీదు, ఇవన్నీ రెండో ఖాతా ఖర్చులే. రెండోదానిలో కొన్నేళ్ళకు సరిపడా నిల్వ లేకుండా మొదటిదాన్ని ఖర్చు పెట్టడం దాతలను మోసం చేయడమే. అంత డబ్బు రాదనుకుంటే, నిలబెట్టి చూపిస్తామని నిజాయితీగా చెప్పి దానికే అడగాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఈ రెండు ఖాతాల తర్వాత మూడోది, పని తెలిసిన చేతులు. డి.హెచ్.9ఎ లాంటి విమానం రెక్క అంటే చెక్క చట్రం మీద బిగువుగా కుట్టి, పూత పూసిన గుడ్డ. పోగు బిగువు, కుట్టు దగ్గరితనం ఎలా ఉండాలో నూలు చీరకు పట్టు అంచు జోడించే గద్వాల నేతగాళ్ళకు చెప్పాలా? వనపర్తి రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. నాగర్‌కర్నూల్ జిల్లా పిల్లలూ ఐటీఐల్లో ఫిట్టర్, వెల్డర్ పనులు నేర్చుకుంటున్నారు. పాత యంత్రాన్ని విప్పి బిగించే పనిలో వీళ్ళకు చోటు దొరికితే, ఆ విమానం ఎప్పుడైనా నేల మీదే ఆగిపోయినా నేర్చుకున్న పని ఇక్కడే మిగులుతుంది. విరాళంలో ఒక వంతు ఈ తర్ఫీదుకు కేటాయించాలని నేను గట్టిగా కోరతాను.

పాఠకులకు నా విన్నపం ఒకటే. రేపు ఎవరైనా పాత విమానం పేరు చెప్పి మీ గడపకు వస్తే వెనక్కి పంపకండి, కూర్చోబెట్టండి. ఎగిరిన మర్నాటి ఖర్చు ఎవరు భరిస్తారు, లెక్క ఎప్పుడు చూపిస్తారు, మా పిల్లలకు ఏం నేర్పుతారు, ఈ మూడూ అడగండి. జవాబు సూటిగా వస్తే ఇవ్వండి, మళ్ళీ వచ్చే ఏడూ ఇవ్వండి.