నిబంధన పక్కనే వివరణ

లేపాక్షి వీరభద్రాలయంలో అచ్యుతదేవరాయల (1529–1542) నాటి దానశాసనాలు ఉన్నాయి. చాలావరకు కన్నడంలోనే. గుడి కట్టించిన విరూపణ్ణ పేరూ, దేవుడికి రాసిచ్చిన ఊళ్ల పేర్లూ మనకు దక్కింది వాటివల్లనే. వీటిని ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోకి ఎక్కించాలని ఉత్సాహపడే మా హిందూపురం వైపు కుర్రాళ్లు, నేను స్కీమాల (ఏ ట్యాగు ఎక్కడ రావచ్చో చెప్పే నిబంధనల) పని చేస్తానని తెలిసి, మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోమంటారు సార్?"

శాసనాలకు స్కీమా కొత్తగా తయారు చేయక్కర్లేదు. పాఠాలను ట్యాగులతో గుర్తించే టీఈఐ ప్రమాణం మీద, శాసనాల కోసమే కట్టిన ఎపిడాక్ ఉంది. అమరావతి, నాగార్జునకొండల తొలినాటి శాసనాలు, వేంగీ చాళుక్యుల తామ్రశాసనాలు ఆ పద్ధతిలో ఇప్పటికే ఎక్కాయి. మన అవసరానికి తగ్గట్టు దాన్ని కుదించుకుని, ఏ ట్యాగు ఎప్పుడు వాడాలో రాసిపెట్టుకోవడమే మన వంతు. అసలు కష్టం ఆ రాసిపెట్టుకోవడంలోనే ఉంది.

రాయి పెచ్చు లేచి ఒక పంక్తిలో మూడక్షరాలు పోయాయనుకోండి. 'గ్యాప్' ట్యాగు పెట్టి, కారణం 'లాస్ట్', సంఖ్య 3, కొలత 'క్యారెక్టర్' అని రాస్తాం. అక్కడ అంకె ఉందా లేదా అన్నది స్కీమా చూస్తుంది. మూడంటే మూడు ఏమిటి? 'స్త్రీ' కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు. ఒకరు కంటి లెక్క రాస్తారు, ఇంకొకరు కంప్యూటర్ లెక్క రాస్తారు. రెండు ఫైళ్లూ తప్పు లేదనిపించుకుని బయటపడతాయి. కొన్నాళ్లకు ఎవరో ఆ ఖాళీలో ఏ ఊరి పేరు పడుతుందో చూడబోతే అంకెలు అక్కరకు రావు. 'ఇక్కడ లెక్కించేది రాతి మీద కనబడే అక్షరాన్ని' అన్న ఒక్క వాక్యం, ట్యాగు టైపు చేస్తున్నవాడి కళ్లెదుట ఉండాలి. వేరే వర్డ్ ఫైల్లో ఉంటే, అది ఎవరి పెన్‌డ్రైవ్‌లోనో ఉన్నట్టే లెక్క.

ధర్మవరంలో చీర అంచు డిజైన్ మార్చినప్పుడు గ్రాఫు కాగితం దిద్దకుండా జకార్డు అట్టలు మాత్రమే కొట్టుకుంటే, మరుసటిసారి ఆ అంచు ఎందుకలా వచ్చిందో చెప్పేవాళ్లుండరు. స్కీమా ఒకచోట, వివరణ మరోచోట ఉంటే జరిగేదీ అదే.

అందుకే పరికరాన్ని నేను చూసే చూపు వేరు. వివరణ స్కీమా లోపలే ఉండాలి, దాన్నుంచే పుస్తకం తయారవాలి. 2001లో డబ్ల్యూ3సీ ఆమోదించిన ఎక్స్‌ఎస్‌డీ అనే స్కీమా భాషలో 'డాక్యుమెంటేషన్' అనే ట్యాగు ఇందుకే ఉంది. మరో స్కీమా భాష రిలాక్స్ ఎన్‌జీ క్లుప్తరూపంలో రెండు హాష్ గుర్తులు పెట్టి రాసింది వివరణ అవుతుంది, ఒక్కటే పెడితే మామూలు వ్యాఖ్యగా మిగిలిపోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది టీఈఐ వాళ్ల ఓడీడీ. నిబంధన, వివరణ, ఉదాహరణ ఒకే ఫైల్లో రాస్తాం. రోమా అనే ఉచిత పరికరానికి అప్పగిస్తే స్కీమా ఒకవైపు, చదువుకునే పత్రం మరోవైపు వస్తాయి.

ఇక సాఫ్ట్‌వేర్ పేర్లు. ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్పై బొమ్మలు బాగా గీస్తుంది, ఎక్స్‌ఎస్‌డీతో బతికేవాళ్లకు పనికొస్తుంది. ఎపిడాక్ స్కీమా వచ్చేది రిలాక్స్ ఎన్‌జీలో కాబట్టి మనకు కుదరదు. ఆక్సిజన్ అన్నీ చేస్తుంది, డబ్బులూ అడుగుతుంది. రోజంతా స్కీమాలే రాసేవాళ్లు కొనుక్కోవాలి, ఆ ఖర్చు దండగ కాదు. విద్యార్థులకు విజువల్ స్టూడియో కోడ్, అందులో రెడ్ హ్యాట్ వారి ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎక్స్‌టెన్షన్, తనిఖీకి జేమ్స్ క్లార్క్ రాసిన జింగ్ చాలు. అన్నీ ఉచితమే.

ఏది తీసుకున్నా ముందు మన లిపితో పరీక్షించండి. కోడ్ ఎడిటర్ల ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల కొలతకు చేసినవి. 'లక్ష్మీ' దగ్గర కర్సర్ ఎక్కడ నిలుస్తుందో చూడండి. తయారైన పత్రం బ్రౌజర్‌లో చక్కగా కనబడి, పీడీఎఫ్‌లోకి వెళ్లేసరికి ఒత్తులు ఊడి పక్కన పడటం నేను చూశాను. డబ్బు కట్టకముందే ఒక పేజీ అచ్చు తీయించండి.

ఇంకొక మాట. వివరణ ఏ భాషలో ఉందో ట్యాగులోనే చెప్పే ఏర్పాటు ఎక్స్‌ఎస్‌డీలోనూ ఓడీడీలోనూ ఉంది. ఒకే నియమానికి తెలుగు, కన్నడ వివరణలు పక్కపక్కనే పెట్టుకోవచ్చు. లేపాక్షికి ఇది తప్పనిసరి. శాసనం కన్నడం, ఎక్కించేది తెలుగు పిల్లలు, తప్పులు దిద్దే పండితులు రెండు వైపులా ఉంటారు. హిందూపురంలో రెండు భాషలూ వచ్చిన పిల్లలకు కొదవ లేదు; కన్నడ వివరణ వాళ్ల చేతే రాయించండి, అనువాదంగా కాదు, శాసనం ఎదురుగా పెట్టుకుని.