పొణికి, అంకుడు, లక్క: పండగ సంతలో చెక్కబొమ్మలు

సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చే ఇళ్లలో ఏటా ఒక్క కొత్త బొమ్మనైనా చేర్చాలన్న ఆనవాయితీ ఉండడం వల్ల, పండగ ముందు రోజుల్లో జరిగే హస్తకళల సంతలకు చెక్కబొమ్మల దుకాణాలే కళ తెస్తాయి. 1992లో హైదరాబాదు మాదాపూర్‌లో ఏర్పడిన శిల్పారామం వంటి చోట్ల, హరిదాసుల కీర్తనలూ గంగిరెద్దుల సన్నాయిలూ వినిపిస్తుండగా, కొండపల్లి బొమ్మలూ ఏటికొప్పాక లక్కబొమ్మలూ ఒకే వరసలో కొలువుదీరి ఉంటాయి. కొనేవారిలో ఎక్కువమంది రెంటినీ ‘చెక్కబొమ్మలు’ అన్న ఒక్క మాటలో కలిపేసి, రంగూ ధరా చూసి ఎంచుకుంటారు. నిజానికి చెక్కతో పని చేయించుకునే తీరులో ఈ రెండు విద్యలకూ పొత్తే కుదరదు. ఒకటి ముక్కలను అతికి బొమ్మను కూర్చేది. రెండవది ఒకే ముక్కను గిరగిర తిప్పి అందులోంచి ఆకారాన్ని తేల్చేది. ఈ తేడా తెలియనివారు చేసే బేరంలో న్యాయం ఉండదు.

కోటకు పేరుపడ్డ కొండపల్లి విజయవాడకు చేరువలో ఉంది. అక్కడ ఈ పని చేసే ఆర్యక్షత్రియులు తమ పూర్వీకులు రాజస్థాన్ ప్రాంతం నుంచి వలస వచ్చారని చెప్పుకుంటారు. వారు వాడే తెల్ల పొణికి కలప, చేతిలోకి తీసుకోగానే ఇది చెక్కేనా అనిపించేంత తేలిక, ఉలికి ఎదురు తిరగనంత మెత్తన. దుంగను బాగా ఎండబెట్టడమే కాక, చెక్కిన ముక్కలను సన్నని సెగ మీద కాచి లోపల దాగిన తేమను కూడా లాగేస్తారు. ఈ మెట్టు దగ్గర తొందరపడితే ఆ తరవాత అతుకు వదులుతుంది, రంగు పగులుతుంది. తల, మొండెం, చేతులు వేరువేరుగా చెక్కుకుని, చింతగింజల పొడితో కాచిన జిగురులో రంపపు పొట్టు కలిపి చేసిన ‘మక్కు’తో వాటిని అతుకుతారు. మక్కు కేవలం జిగురు కాదు. ఆరకముందు అది మైనంలా వంగుతుంది కాబట్టి, ఉలికి అందని ముక్కు కొననూ తలపాగా మడతనూ చేతివేళ్లతోనే దిద్దుకోవచ్చు. ఆ మీదట ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూత పూసి, మేక వెంట్రుకల కుంచెలతో రంగులు వేస్తారు.

ఈ కూర్పు ఎంత నేర్పుగా సాగిందో చూడాలంటే అంబారీ ఏనుగును మించిన బొమ్మ లేదు. చెవులు, తొండం, దంతాలు, అంబారీ స్తంభాలు, లోపల రాజు, మెడ మీద మావటి, అన్నీ విడివిడిగా పుట్టి ఒకటైనవే. చెవి మొదట్లో వేలు పెట్టి నెమ్మదిగా రాస్తే, చేయి తిరిగినవారి బొమ్మలో అతుకు జాడ తగలదు. తొందరపనిలో సన్నని గట్టు తగులుతుంది. దశావతారాల వరసకు గిరాకీ ఉండవచ్చుగాని, తాడిచెట్టెక్కే గౌడు, ఎడ్లబండి తోలే రైతు వంటి పల్లె బొమ్మల్లోనే ఈ కళ అసలు పట్టు కనిపిస్తుంది. దేవతా రూపానికి శాస్త్రం ఉంది. చెట్టెక్కేవాడి నడుము వంపును మాత్రం కళ్లతో చూసి పట్టుకోవలసిందే.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకది వేరే దారి. అక్కడి కలప అంకుడు. తెల్లగా, సన్నని పోగుతో ఉండే ఈ చెక్కను లేతుకు, అంటే చెక్కను వేగంగా తిప్పే యంత్రానికి, బిగించి ఉలి ఆనించి ఆకారం తెస్తారు. తిరిగేదాని మీద పుట్టిన ఆకారం గుండ్రంగానే ఉంటుంది కనుక బొంగరాలు, కుంకుమ భరిణెలు, ఆడపిల్లలు గుజ్జనగూళ్లు వండుకునే లక్కపిడతలు ఈ ఊరి సొంత సొత్తయ్యాయి. భరిణె మూత జారిపోకూడదు, బిగుసుకుపోకూడదు. రెండువేళ్లతో పట్టి లాగితే కొద్దిగా పట్టు చూపి ఊడి రావాలి. కొలబద్దకు దొరకని ఆ కొద్దిపాటి తేడాను చెయ్యే చూసుకోవాలి.

రంగు వేయడంలో ఇక్కడ కుంచె అవసరమే రాదు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు స్రవించే జిగురే లక్క. దాన్ని కరిగించి, రంగు కలిపి, సాగదీసి కడ్డీలుగా చేసుకుంటారు. తిరుగుతున్న బొమ్మకు ఆ కడ్డీని అదిమిపెడితే ఒరిపిడి వేడికే లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది; ఆ వెంటనే ఎండిన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలాంటి మెరుపు వస్తుంది. పసుపుకొమ్ము నుంచి పసుపుపచ్చ, నీలిమొక్క నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు తీస్తారు. రసాయన రంగులు ఈ ఊరినీ ముంచెత్తిన కాలంలో చెట్టూ చేమల రంగులను తిరిగి పనిలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. పసిపిల్లలు నోట పెట్టుకునే వస్తువుకు ఇంతకన్నా ముఖ్యమైన మేలు ఏముంటుంది! 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు రాగా, 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం వీటితోనే ఢిల్లీ వీధుల్లో సాగింది.

శకటాలు ఏడాదికి ఒక్కరోజే నడుస్తాయి. కలప ప్రతిరోజూ కావాలి. కొండపల్లి పరిసరాల్లో పొణికి కరువవుతోందన్నది అక్కడివారి పాత గోడు, చెట్లు నాటితే తప్ప తీరని గోడు. మొదలు నరకకుండా కొమ్మలతోనే పని జరిగే అంకుడుది కొంత మెరుగైన స్థితి. ఇవేవీ ధరచీటీ మీద కనబడవు. అచ్చుపోసిన ప్లాస్టిక్ బొమ్మ పక్కన పెట్టి ‘ఇంత చిన్నదానికి ఇంతా?’ అని అడిగేవారికి, ఆ చిన్నదాని వెనక ఉన్న ఎండబెట్టిన రోజులూ కాచిన సెగలూ లెక్కకు రావు.

బేరానికి దిగేముందు ఇది ఏ చెక్క, ఏ రంగు అని అడగడం మంచిది. చేసినవారైతే ఆ ప్రశ్నకు సంతోషంగా బదులిస్తారు, తెచ్చి అమ్మేవారు మాట మారుస్తారు. కొలువు ఎత్తేశాక కొండపల్లి బొమ్మను తడిగుడ్డతో తుడవకుండా, పాత నూలుగుడ్డలో చుట్టి దాచాలి. లక్కకు వేడి పడదు కనుక, సంతలో కొన్న లక్కపిడతలను ఎండలో నిలిపిన కారులో వదిలేయకూడదు.