దయకు వెల

షేక్స్పియరు మహాకవి రచించిన 'వెనిసు వర్తకుడు' 1600వ సంవత్సరమున మొదట అచ్చుపడినది. అందు నాల్గవ అంకమున న్యాయసభలో పోర్షియా దయనుగూర్చి చేసిన ప్రసంగమును పాఠశాలలలో కంఠస్థము చేయించుట వాడుక. క్రైస్తవధర్మసారమంతయు నందే కలదని చెప్పువారు పలువురు. ప్రసంగము రమణీయమే. కాని అంకము తుదివరకు చదువక తీర్పు చెప్పరాదు.

షైలాకు యూదుడు, బాకీకి మాఱుగా ఆంటోనియో దేహమునుండి మాంసము కోరినవాడు. అతని క్రౌర్యము నెవ్వరును సమర్థింపరు. వ్యాజ్యమున నోడినపిమ్మట ప్రభువు అతనికి ప్రాణదానము చేసెను. అంతవరకు దయయే. పిదప ఆంటోనియో, ఆస్తిలో సగము అతనికి విడువవచ్చుననుచు, అతడు వెంటనే క్రైస్తవుడు కావలెననియు, ఉన్నదంతయు తన తర్వాత కూతునకు, అల్లునికి చెందునట్లు పత్రము వ్రాయవలెననియు నియమము పెట్టెను. కాదన్నచో ప్రాణదానము రద్దగునని ప్రభువు చెప్పెను. దయ నిర్బంధమువలన పుట్టునది కాదని బోధించిన పోర్షియా యీ నిర్బంధమున కడ్డుచెప్పలేదు. సమ్మతమా యని మాత్ర మడిగెను.

ఆ కాలపు ప్రేక్షకులకు జ్ఞానస్నానము ఆత్మరక్షణమే గావున నదియు దయయే యని కొందఱు వాదింతురు. కాలమును బట్టి కవి నాక్షేపింపకుందము. కాని క్రైస్తవునకు ప్రమాణము కాలము కాదు, సువార్త. మత్తయి 18వ అధ్యాయమున నొక రాజు తన దాసుని 10000 తలాంతుల ఋణమును విడిచిపెట్టెను. ఆ దాసుడు తనకు 100 దేనారములు బాకీపడిన తోటిదాసుని గొంతు పట్టుకొనెను. దేనారము కూలివాని దినవేతనము. తలాంతు సుమారు 6000 దేనారములు. అనగా అతడు పొందిన మన్నన, నిరాకరించిన మన్ననకు 6 లక్షల రెట్లు! రాజు ముందుగా నే నియమమును పెట్టలేదు. మన్నింపబడినవాడు మన్నింపవలెనని మాత్రమే యాశించెను. పిదప కోపించినదియు ఆ యొక్కదానికే.

ఈ యుపమానపు మర్మమును 1862లో వెలువడిన విక్టరు హ్యూగో నవల 'లే మిజరాబ్ల్' బాగుగ నెఱిగినది. రొట్టె దొంగిలి, పలుమార్లు పారిపోజూచి, 19 ఏండ్లు చెఱలో గడపిన జాన్ వాల్జాన్, తనకు ఆశ్రయమిచ్చిన బిషప్పు వెండిసామానును దొంగిలెను. పట్టుబడి రాగా బిషప్పు, అది తానిచ్చినదే యని భటులతో చెప్పి, వెండి దీపస్తంభములు రెండు కూడ నిచ్చెను. సత్పురుషుడవు కమ్మని కోరెను. కాకున్న భటులకు పట్టియిత్తు ననలేదు. అట్లు మన్నింపబడినవాడే ఆనాడే యొక బాలుని 40 సూల నాణెమును కాలితో తొక్కిపట్టి, వానిని బెదరించి పంపెను! సువార్తలోని దాసుడే యితడు. కాని యితనికి కన్నీరు వచ్చెను, బ్రదుకు మాఱెను. తుదకు తన్ను వేటాడిన జవేరు చేజిక్కినపుడు ప్రాణముతో విడిచిపెట్టెను.

దయచూపువానికి మోసపోవు భయము తప్పదు. దానిని తలకెత్తుకొనుటయే దయ. వెనిసు సభ దాని కొప్పక పత్రము వ్రాయించుకొనెను. మన యిండ్లలోను, తప్పుచేసినవారిని మరల చేర్చుకొనునపుడు ముందు తలవంపు, పిదప మన్నన యనుట పరిపాటి. అది బేరము. పోర్షియా ప్రసంగమును బాలురకు నేర్పుడు. దానితోపాటు షైలాకు ఒడలు బాగులేదని చెప్పి సభ విడిచిపోవు ఘట్టమును గూడ చదివింపుడు. దయకును బేరమునకును గల భేదమును వారే గుర్తింపగలరు.