చిట్టా రాసినవాడు, చీవాట్లు రాసినవాడు

డైరీ రాస్తే మన మనసు మనకు తెలుస్తుందంటారు. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చూద్దామని ఈమధ్య రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి రోమన్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ క్రీ.శ. 170ల్లో, డాన్యూబ్ సరిహద్దు యుద్ధాల మధ్య గ్రీకులో రాసుకున్న ‘మెడిటేషన్స్’. రెండోది లండన్ నౌకాదళ కార్యాలయంలో ఉద్యోగం చేసిన శామ్యూల్ పీప్స్ 1660 జనవరి 1 నుంచి 1669 మే 31 దాకా రాసిన డైరీ.

మార్కస్‌లో తేదీలుండవు. ఎవరి మీద కోపం వచ్చిందో, ఏ రాత్రి నిద్రపట్టలేదో దాదాపు ఎక్కడా చెప్పడు. తనను తానే ‘నువ్వు’ అని పిలుచుకుని చీవాట్లు పెట్టుకుంటాడు, మన త్యాగయ్య ‘మనసా’ అని పిలిచి మందలించినట్టు. ఐదో అధ్యాయం మొదలయ్యేదే పొద్దున్నే పక్క దిగనని మొరాయించే మనిషితో వాదనతో. సామ్రాజ్యం ఏలేవాడికీ దుప్పటి వదలడం కష్టమేనన్నమాట! మొదట్లో ఈ పుస్తకం రోగి పేరు లేని మందుచీటీలా తోస్తుంది. కానీ కోపం తగదు, కీర్తి వట్టిది, చావుకు జంకకు అనే మూడు మాటలూ పన్నెండు అధ్యాయాల్లో ఎన్నిసార్లు తిరిగొస్తాయో గమనిస్తే రోగి బయటపడతాడు. జయించేసిన దాని గురించి ఎవరూ అన్నిసార్లు చెప్పుకోరు.

పీప్స్‌ది చిట్టా. తిన్నది, ఖర్చయింది, చూసిన నాటకం, భార్యతో తగువు. 1666లో ఊరు తగలబడుతుంటే గొయ్యి తీసి వైన్‌తోపాటు పార్మజాన్ జున్ను కూడా పాతిపెట్టిన సంగతీ దాచలేదు. ఆత్మపరిశీలన చేద్దామన్న ఆలోచనే అతనికున్నట్టు లేదు. అయినా 1668 అక్టోబరులో, ఇంట్లో పనిచేసే అమ్మాయిని కౌగిలించుకుని భార్యకు పట్టుబడ్డ తర్వాతి పేజీలు చూడండి. భార్య ఏడుపుకు నిజంగా కుమిలిపోతాడు. ఆ అమ్మాయి కోసమూ నిజంగా బెంగపడతాడు. రెంటికీ పొత్తు కుదర్చాలని చూడడు. మార్కస్ అయితే దీన్ని రెండు వాక్యాల హితబోధ చేసి, మనిషిని మాయం చేసేవాడు. తన మనసును తెలుసుకోవడానికి కావలసిన ముడిసరుకు పీప్స్ దగ్గరే ఎక్కువుందని నా అభిప్రాయం.

అలాగని అతను పూర్తిగా విప్పి చెప్పాడనుకోలేం. డైరీ దాదాపు మొత్తం షార్ట్‌హ్యాండ్‌లోనే ఉంది. అందులోనూ ఆడవాళ్ల సంగతులు వచ్చేసరికి స్పానిష్, ఫ్రెంచి ముక్కలు కలిపేస్తాడు. పెట్టెకు తాళం వేశాక లోపలి మూటకు మళ్లీ ముళ్లెందుకు? ఇతరులకోసం కాదు, తనకే కాస్త మరుగు కావలసి వచ్చిందేమో. చీవాట్ల చాటున మార్కస్ దాక్కున్నదీ అలాంటి మరుగులోనే.

కళ్లు పోతాయన్న భయంతో పీప్స్ రాయడం మానేశాడు. గుమాస్తాల చేత రాయిస్తే నలుగురికీ తెలియదగ్గవే రాయాలి కదా! కళ్లు పోలేదు, 1703 దాకా బతికాడు. డైరీ ఆరు సంపుటాలూ బైండు చేయించి, తన గ్రంథాలయంతోపాటు కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కాలేజీకి చేరేలా ఏర్పాటు చేశాడు. 19వ శతాబ్దంలో జాన్ స్మిత్ అనే విద్యార్థి మూడేళ్లు తంటాలుపడి ఆ లిపిని విప్పాడు. ఆ షార్ట్‌హ్యాండ్ నేర్పడానికి షెల్టన్ అనే ఆయన రాసిన పుస్తకం అదే గ్రంథాలయంలో ఉందని అతనికి తెలియదు.