కొబ్బరి చిప్ప, ప్రోటాను పుంజము

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో పగిలిన కాయ చిప్పను చూడుడు. అది సరిగా అర్ధగోళమైనచో, లోపలి గోడకు లంబముగా గీచిన గీతలన్నియు మధ్యనొక బిందువున కలియును. కేంద్రక సంలీనమునకై, ముందుగా నొక్కి దట్టపరచిన ఇంధనమును ప్రోటానులతో అంటింపదలచిన శాస్త్రజ్ఞులు ఈ ఆకారమునే ఎన్నుకొనిరి. మిల్లీమీటరుకంటె చిన్న చిప్పను వెలుపలినుండి లేసరుతో కొట్టగా, లోపలి ముఖమునుండి వెలువడు ప్రోటానులు కేంద్రమున కూడునని వారి తలంపు.

ఈ సరళచిత్రమును 2012లో బార్టల్, సహచరులు 'నేచర్ ఫిజిక్స్' పత్రికలోని వ్యాసమున సవరించిరి. లాస్ ఆలమోస్‌లోని ట్రైడెంట్ లేసరుతో ప్రయోగము చేసి, కంప్యూటరుపై దాని అనుకరణ నడిపిరి. ప్రోటానుల వెంట పోవు వేడి ఎలక్ట్రానులవలన పుట్టు విద్యుత్ క్షేత్రము, అక్షము సమీపమున ప్రోటానుల దారిని వంచుచున్నదని తేలినది. చిప్పకు శంకువును చేర్చగా, దాని గోడలయొద్ది క్షేత్రము పుంజమును కొనవైపునకు నడపినది.

ప్రయోగమును, అనుకరణను జతపరచుటే ఈ వ్యాసమునకు గల బలము. ఐనను పరిమితి కలదు. ఆ లేసరు సుమారు నూరు జౌళ్ల తరగతికి చెందినది. ఇంధనమంటుకొనుటకు ప్రోటానులే సుమారు 10,000 జౌళ్ల శక్తిని మోయవలెను. అంతవరకు లెక్కను సాగదీసినచో అది అంచనాయే గాని నిరూపణ కాదు. అనుకరణ తనకిచ్చిన నియమములకు మాత్రమే ఫలితము చెప్పును.

ఉపాధ్యాయులు నల్లబల్లపై చిప్పబొమ్మ గీచునపుడు, తిన్నని గీతల ప్రక్కనే వంగిన గీతలను కూడ చూపుట మేలు.