ఒకటో లెక్క ఖాళీ

పంక్ రాక్‌కు ఖాళీ అంటే పడదు. డ్రమ్ము ఆగదు, గిటారు మీద చెయ్యి అదేపనిగా ఆడుతూనే ఉంటుంది, రెండు మూడు నిమిషాల్లో పాట అయిపోతుంది. జమైకా రెగే దీనికి పూర్తిగా ఎదురు. అందులో అందరికీ తెలిసిన నడక వన్ డ్రాప్. నాలుగు లెక్కల్లో మొదటిదాన్ని డ్రమ్ము వదిలేస్తుంది. రెండు, నాలుగు మీద గిటారు చటుక్కున మోగి ఆగిపోతుంది. డ్రమ్ము బరువంతా మూడో లెక్క మీద పడుతుంది. భజనలో తొలి దెబ్బకే తాళాలు గట్టిగా మోగించే మన చెవికి ఇది మొదట్లో తడబాటులా ఉంటుంది. పాటను నడిపేది బేస్ గిటారు.

ఈ రెండు సంగీతాలూ కలిసిన తొలి ఆల్బమ్‌లలో నా ఓటు 'కట్'కే. లండన్ అమ్మాయిల బృందం ది స్లిట్స్ దాన్ని 1979లో ఐలాండ్ రికార్డ్స్ ద్వారా తెచ్చింది.

పంక్, రెగేల పొత్తు లండన్‌లోని రాక్సీ క్లబ్‌లో కుదిరింది. 1977లో అక్కడ రికార్డులు వేసే డాన్ లెట్స్ జమైకా నుంచి వలస వచ్చిన వాళ్ల బిడ్డ. అప్పటికి పంక్ రికార్డులు పెద్దగా రాలేదు. దాంతో తన దగ్గరున్న రెగే, దాన్నుంచే పుట్టిన డబ్ రికార్డులే వేసేవాడు. పంక్ కుర్రకారు వాటికి అలవాటుపడింది. ఆ ఏడాదే ది క్లాష్ తన తొలి ఆల్బమ్‌లో జూనియర్ మర్విన్ పాట 'పోలీస్ అండ్ థీవ్స్'ను వాయించింది. బాగుంటుంది, కానీ అది జమైకా పాటకు పంక్ చొక్కా తొడగడమే. స్లిట్స్ తమ పాటలు తామే రాసుకున్నారు, పనితనం మాత్రం డబ్ నుంచి తెచ్చుకున్నారు.

డబ్‌లో అసలు వాయిద్యం మిక్సింగ్ బల్ల. రికార్డయిన పాటలోంచి గొంతునో గిటారునో తీసేస్తారు. బేస్, డ్రమ్ములు మిగులుతాయి. తీసేసినది మధ్యమధ్య ప్రతిధ్వనిగా మెరిసి మాయమవుతుంది. కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ ఇందులో గురుతుల్యుడు. 'కట్'కు నిర్మాత డెన్నిస్ బోవెల్. బార్బడోస్‌లో పుట్టి లండన్‌లో పెరిగిన ఈయన మటుంబీ అనే రెగే బృందం మనిషి. పాటల్లో కిక్కిరిసిన చోట్లను ఆయన ఖాళీ చేయించాడు. 'న్యూటౌన్'లో చెంచా కింద పడిన చప్పుడు, అగ్గిపుల్ల గీసిన చప్పుడు కూడా తాళంలో భాగాలే. వివ్ ఆల్బర్టైన్ గిటారు తుంపులు తుంపులుగా గీరుతుంది, టెస్సా పాలిట్ బేస్ కింద నిదానంగా నడుస్తుంది, ఆరి అప్ గొంతు పైన గంతులేస్తుంది. బృందం డ్రమ్మర్ పాల్మాలివ్ 1978లో తప్పుకోవడంతో డ్రమ్ములు బడ్జీ వాయించాడు.

"వాళ్లకు వాయించడం రాదు, బోవెలే నిలబెట్టాడు" అనే మాట ఒకటుంది. నేను ఒప్పుకోను. 1977లో బీబీసీలో జాన్ పీల్ కార్యక్రమానికి వాళ్లు రికార్డు చేసినవి వింటే, ఒకదానికొకటి అడ్డంపడే ఆ గొంతులు బోవెల్ రాకముందే ఉన్నాయని తెలుస్తుంది. 'కట్' అట్ట మీద ఒంటికి బురద పూసుకున్న వాళ్ల బొమ్మ గురించి మాట్లాడినవాళ్లలో సగం మంది బేస్ గురించి మాట్లాడి ఉంటే ఈ అపవాదు వచ్చేది కాదు.

'న్యూటౌన్' ఆ కార్యక్రమంలోనూ ఉంది. ముందు అది వినండి, వెంటనే 'కట్'లోది వినండి. ఫోను స్పీకరులో మాత్రం వద్దు. అందులో బేస్ వినబడదు.