నీటి జాడ సరిగా దొరికితేనే కొలత

ఒంట్లో కొద్ది మోతాదులో ఉండే పదార్థాన్ని నీటి ద్వారా పట్టి చూపే ఎంఆర్ఐ పద్ధతి సెస్ట్. గ్లుటమేట్ వంటి అణువుల్లోని కొన్ని ప్రోటాన్లు చుట్టూ ఉన్న నీటి ప్రోటాన్లతో ఎడతెగకుండా చోటు మార్చుకుంటాయి. సరిగ్గా వాటి పౌనఃపున్యం దగ్గరే రేడియో తరంగం పంపితే వాటి సంకేతం అణగిపోతుంది. అలా అణగినవి నీటిలోకి చేరేకొద్దీ నీటి సంకేతమూ తగ్గుతుంది. ఆ తరుగుదలనే కొలుస్తారు. ఈ పద్ధతిని 2000లో వార్డ్, అలెట్రాస్, బాలబన్ ప్రతిపాదించారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రవీందర్ రెడ్డి బృందం 7 టెస్లా యంత్రంపై మెదడులోని గ్లుటమేట్‌ను ఇలాగే చిత్రించి, 2012లో 'నేచర్ మెడిసిన్' పత్రికలో ప్రచురించింది.

గ్లుటమేట్ సంకేతం నీటికి ఒకవైపు 3 పీపీఎం (పదిలక్షల్లో 3 వంతులు) దూరంలో ఉంటుంది. 7 టెస్లా వద్ద అది సుమారు 900 హెర్ట్జ్. రెండోవైపు అంతే దూరంలో మరో కొలత తీసుకుని, రెంటి తేడా చూస్తారు. నీటి కేంద్రం ఎక్కడుందో కచ్చితంగా తెలిస్తేనే ఈ తీసివేతకు అర్థం. ముక్కు, చెవుల వెనుక గాలి గదుల దగ్గర అయస్కాంత క్షేత్రం చెదిరి, ఆ కేంద్రం పక్కకు జరుగుతుంది. అప్పుడు గ్లుటమేట్‌తో సంబంధం లేని తేడా కూడా లెక్కలోకి వస్తుంది. నిజాంసాగర్ ఆయకట్టులోని కోటగిరి రైతుకు ఇది తెలిసిన సంగతే: చదును లేని మడిలో ఒకచోట నీటి లోతు చూసి ఎంత నీరు పారిందో చెప్పలేరు.

అందుకే ముందుగా షిమ్మింగ్‌తో క్షేత్రాన్ని వీలైనంత సమం చేస్తారు. మిగిలిన తేడాను పటంగా గీస్తారు. 2009లో వచ్చిన వాసర్ పద్ధతిలో బలహీనమైన తరంగంతో నీటిని మాత్రమే అణచి, బొమ్మలోని ప్రతి బిందువులో నీటి కేంద్రం ఎక్కడుందో కనుక్కుంటారు. ఆ మేరకు కొలతలను జరుపుతారు.

రెండో చిక్కు రేడియో తరంగం బలం. 7 టెస్లా వద్ద అది తలంతటా ఒకేలా అందదు. బలం మారితే అణచివేతా మారుతుంది. దానికీ ఒక పటం తీసి, వేర్వేరు బలాల వద్ద చేసిన కొలతల ఆధారంగా దిద్దుతారు.

క్షేత్రాలు సరిచేసినా కొవ్వు, ప్రోటీన్ల సంకేతాలు కొన్ని తీసివేతలో కలుస్తాయి. నీటికి రెండోవైపు 3.5 పీపీఎం దగ్గర వచ్చే ఎన్‌ఓఈ (న్యూక్లియర్ ఓవర్‌హౌసర్) ప్రభావం వీటిలో ముఖ్యమైనది. అందుకే రెండు కొలతలతో సరిపెట్టక, వర్ణపటమంతా కొలిచి, లోరెంజియన్ వక్రరేఖలతో ఒక్కో సంకేతాన్ని విడదీస్తారు. మార్పిడి వేగం ఉష్ణోగ్రతను, ఆమ్లత్వాన్ని బట్టి మారుతుంది కాబట్టి, వచ్చిన శాతాన్ని నేరుగా గాఢతగా చదవకూడదు. గాఢత తెలిసిన ద్రావణాలను 37 డిగ్రీల వద్ద ఉంచి యంత్రాన్ని పరీక్షించడం ఇందుకే. ఇవిగాక, స్కాన్ మధ్యలో తల కదిలితే చిత్రాలను మళ్లీ ఒకదానిపై ఒకటి సరిగా అమర్చాలి.

సెస్ట్ ఫలితం ఇచ్చేవారు శాతంతోపాటు అయస్కాంత బలం, తరంగ బలం, దాన్ని పంపిన వ్యవధి, దిద్దిన పద్ధతి కూడా రాయాలి. అవి లేని శాతాన్ని మరో ఆస్పత్రి శాతంతో పోల్చకూడదు.